తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఇంజనీరింగు, డిగ్రీ ప్రవేశాలు పూర్తయ్యే రోజుల్లో విజయవాడ గవర్నరుపేటలోనూ, ఏలూరు రోడ్డులోనూ ఉన్న కంప్యూటరు దుకాణాలకు తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు. గుడివాడ, నూజివీడు, మచిలీపట్నం, అవనిగడ్డ వైపు నుంచి ఉదయం బస్సుకు బయలుదేరి, సాయంత్రానికి అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకొని తిరుగుబస్సు ఎక్కేవారు వారిలో ఎందరో. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము, కొన్ని ఇళ్ళలో తల్లి చేతి గాజులు కరిగిన సొమ్ము ఆ పెట్టెలో ఉంటుంది. మరునాడే వైఫై కోసం కేబుల్ ఆపరేటరుకు ఫోను వెళుతుంది. అతడు పంపిన కుర్రవాడు అరగంటలో తీగ లాగి, గోడకు రౌటరు బిగించి, ల్యాప్‌టాప్‌లో ఏవో నొక్కి, "అయిపోయిందండీ" అని చెప్పి వెళ్ళిపోతాడు. బొమ్మ కనిపించింది, పాఠం వినిపించింది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

నిజానికి ఆ అరగంటలో ఆ ఇంటికి కొత్తగా కొన్ని తాళాలు పడ్డాయి. వాటి తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో చాలా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. కొన్ని బిగించిన కుర్రవాడి దగ్గర ఉంటాయి, కొన్ని దుకాణంవాడి దగ్గర ఉంటాయి, కొన్ని ఇంట్లోని పదహారేళ్ళ అబ్బాయి దగ్గర మాత్రమే ఉంటాయి. ఇంటి యజమాని దగ్గర, ఇంటిని రోజంతా కనిపెట్టుకొని ఉండే ఇల్లాలి దగ్గర ఒక్కటీ ఉండదు. బీరువా తాళంచెవి కొంగుకు ముడివేసుకొనే అమ్మీకి ఈ తాళం సంగతి ఎవరూ చెప్పనే చెప్పరు. వైఫై అమర్చుకోవడం సాంకేతిక నిపుణుల పని అన్న అపోహ దీనికి మూలం. అందులో నైపుణ్యం కావలసింది తీగ అతికేంత వరకే. మిగిలినదంతా ఇంటి పెత్తనానికి సంబంధించిన పని. చదవడం, రాయడం వచ్చినవారు ఎవరైనా చేయగలిగిన పని.

ముందుగా ఈ ప్రవాహం మన ఇంటిదాకా ఎలా వస్తుందో తెలుసుకుందాం. డెల్టావాసులకు దీనిని అర్థం చేసుకోవడం ఇతరులకన్నా సులువు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నది నీరు పెద్దకాలువలో పడుతుంది. అక్కడి నుంచి పిల్లకాలువలకు, వాటి నుంచి బోదెలకు, బోదె నుంచి మడికి చేరుతుంది. అంతర్జాలం కూడా అంతే. పట్టణంలోని ప్రధాన కేంద్రం నుంచి వెంట్రుకంత సన్నని గాజుపోగు బయలుదేరుతుంది. దానిలో నీటికి బదులు వెలుగు ప్రవహిస్తుంది. వీధి మొగలో స్తంభానికి కట్టిన చిన్నపెట్టెలో ఆ వెలుగును పదహారుగానో ముప్పైరెండుగానో చీల్చి ఒక్కొక్క పాయను ఒక్కొక్క ఇంటికి పంపుతారు. మన గోడమీది పెట్టె ఆ వెలుగును విద్యుత్ సంకేతాలుగా మార్చి, అక్కడి నుంచి రేడియో తరంగాలుగా గదులలోకి వెదజల్లుతుంది. సాయంత్రం ఏడు దాటాక వేగం ఎందుకు తగ్గుతుందని అడిగేవారికి జవాబు ఇందులోనే ఉంది. ఒకే కాలువ కింద అందరూ ఒకేసారి మడవ ఎత్తితే శివారు భూములకు నీరు ఎలా తగ్గుతుందో, ఇదీ అలాగే తగ్గుతుంది.

మన ప్రాంతంలో ఈ గాజుపోగు పల్లెలదాకా చేరడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. కాలువలు, చేలు, చెరువుల నడుమ నేలను తవ్వుకుంటూ పోవడానికి బదులు, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ ఉన్న విద్యుత్ స్తంభాల మీదుగానే సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను లాగింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఆ పథకాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే అంతర్జాలం, టీవీ, టెలిఫోను ఇస్తామన్న ప్రకటన అప్పట్లో పెద్ద వార్త. ఇప్పుడు ఆ సంస్థతోపాటు అనేక ప్రైవేటు కంపెనీల తీగలూ అవే వీధుల్లో అల్లుకొని ఉన్నాయి. స్తంభాల మీది తీగ చౌక. కానీ గాలివానకు, కొమ్మ విరిగి పడటానికి, ఎత్తుగా గడ్డి వేసుకొని వచ్చే ట్రాక్టరుకు అది సులువుగా లొంగుతుంది. కాబట్టి పెట్టె మీది దీపాలను చదవడం ఇంట్లో ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి. 'పీఓఎన్' అన్న అక్షరాల దగ్గర పచ్చదీపం నిలకడగా వెలుగుతుంటే వీధి నుంచి వెలుగు సక్రమంగా వస్తున్నట్లు. 'ఎల్ఓఎస్' దగ్గర ఎర్రదీపం వెలిగినా, కొట్టుకుంటున్నా వెలుగు రావడం లేదని అర్థం. ఆ స్థితిలో ఇంట్లో ఎన్నిసార్లు స్విచ్చి ఆపి వేసినా ప్రయోజనం శూన్యం. ఆపరేటరుకు ఫోను చేసి "ఎర్రదీపం వెలుగుతోంది" అన్న ఒక్క మాట చెబితే చాలు, అతడికి విషయమంతా అర్థమవుతుంది. పచ్చదీపం ఉండి కూడా అంతర్జాలం రావడం లేదంటే అప్పుడు పెట్టెను ఒకసారి ఆపి, నిమిషం ఆగి, తిరిగి వేయవచ్చు.

ఆ సన్నని పసుపుపచ్చ లేదా తెల్లని తీగ లోపల ఉన్నది గాజు. మేకుకు చుట్టినా, తలుపు సందులో నలిగినా విరుగుతుంది. ఊడదీసిన కొనలోకి కన్ను పెట్టి చూడటం పిల్లలకు సరదా. లోపలి కాంతి కంటికి కనిపించదు కానీ అది లేజరు కాంతి. అలా చూడకూడదని వారికి ముందే చెప్పాలి. పిడుగుల వేళ గాజుపోగు గుండా విద్యుత్తు రాదు. అయితే పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టరు గుండానూ, తీగకు బలం కోసం జతచేసిన ఉక్కు కమ్మీ గుండానూ రావచ్చు. ఉరుములు మొదలైతే అడాప్టరును గోడనుంచి ఊడదీయడం మంచి అలవాటు.

ఇక పెట్టెను ఎక్కడ బిగించాలన్నది. బిగించేవారు సాధారణంగా వీధి గుమ్మానికి దగ్గరలో, తీగ తక్కువ పట్టేచోట బిగిస్తారు. అది వారికి సౌకర్యం. అమ్మాయి చదువుకునేది వెనుకగదిలోనో మేడమీదో అయితే ఆమెకు దక్కేది అడుగుబొడుగు. మరో పది మీటర్ల తీగకు డబ్బు ఇచ్చయినా ఇంటి నడుమకు తెప్పించుకోవడం మేలు. మనిషి తల ఎత్తున, చుట్టూ ఖాళీ ఉండేచోట పెట్టాలి. ఇనుప బీరువా మీద, ఫ్రిజ్ వెనుక, టీవీ స్టాండు అరలో పెట్టకూడదు. ఎండాకాలం విజయవాడలో రేకుల కప్పు కింద పెట్టిన పెట్టె వేడెక్కి తనంతట తానే ఆగిపోవడం వింతేమీ కాదు. దుమ్ము పడుతుందని దానిమీద కుట్టుగుడ్డ కప్పే ఇల్లాళ్ళు దయచేసి ఆ గుడ్డను వేరొకదానికి వాడుకోవాలి.

చాలా రౌటర్లు రెండు రకాల తరంగాలను వెదజల్లుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను దాటి దూరం వెళుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగవంతమైనది, కానీ గోడ అడ్డువస్తే నీరసిస్తుంది. బందరులోని పాత ఇళ్ళ మందపాటి సున్నపు గోడల వద్ద అది దాదాపు ఓడిపోతుంది. రౌటరున్న గదిలోనే ల్యాప్‌టాప్ వాడేటప్పుడు 5, వేరే గదిలో ఉన్నప్పుడు 2.4 ఎంచుకోవాలి. అపార్టుమెంట్లలో ఇంటింటా రౌటరు ఉండటం వల్ల 2.4లో రద్దీ ఎక్కువ. అక్కడ 5 మేలు. ఈ తరంగాలను ఇళ్ళలో వాడుకోవడానికి మనకు అనుమతిపత్రం అవసరం లేకుండా పోయింది 2005లో, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని కేంద్రం లైసెన్సు నుంచి మినహాయించినప్పుడు. లైసెన్సు అక్కరలేదు కనుక బాధ్యత కూడా లేదని మాత్రం ఎవరూ అనుకోరాదు. ఆ సంగతికి వద్దాం.

2008 జూలై 26న అహ్మదాబాదులో పేలుళ్ళు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిలు అందింది. అది ఎక్కడ నుంచి వచ్చిందో పోలీసులు ఆరా తీస్తే నవీ ముంబైలో నివసిస్తున్న ఒక అమెరికన్ ఇంటి చిరునామా తేలింది. తన వైఫైని ఆయన తాళం వేయకుండా వదిలేశాడు. ఎవరో దానిని వాడుకున్నారు. విచారణ తలనొప్పి అంతా ఆయనకు చుట్టుకొంది. అంతర్జాలంలో మన ఇంటికి ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉంటుంది. మన వైఫైలోకి వచ్చి ఎవరు ఏ పాడుపని చేసినా బయటి ప్రపంచానికి కనిపించేది ఆ చిరునామాయే. తలుపు తట్టేది మన ఇంటినే. ఆ అమెరికన్ స్థానంలో వించిపేటలోనో భవానీపురంలోనో ఉండే మన కుర్రవాడు ఉంటే ఆ విచారణ ఎన్నాళ్ళు నడిచేదో పాఠకులకు చెప్పనక్కరలేదు. భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు. పది నిమిషాల పనితో తప్పించుకోగలిగిన ప్రమాదాన్ని తెచ్చిపెట్టుకోవడం విజ్ఞత కాదు కదా!

ఆ పది నిమిషాల పని ఏమిటంటే - రౌటరుకు రెండు తాళాలుంటాయి. ఒకటి వైఫై పాస్‌వర్డ్. అది వీధి తలుపు తాళం వంటిది. ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్ లోపలికి రావడానికి ఉపయోగపడుతుంది. రెండవది రౌటరును నడిపే 'అడ్మిన్' పాస్‌వర్డ్. అది బీరువా తాళం. దానితో లోపలికి వెళ్ళినవారు మొదటి తాళాన్నే మార్చివేయగలరు, ఎవరెవరు ఉన్నారో చూడగలరు, ఇష్టం వచ్చినట్లు దారులు మళ్ళించగలరు. చాలా ఇళ్ళలో మొదటిది ఇంటి యజమాని ఫోను నంబరు. రెండవది కంపెనీవాడు ఇచ్చిన 'అడ్మిన్' అన్న పదమే. ఆ పదం వీధిలోని ప్రతి కుర్రవాడికీ తెలుసు.

ల్యాప్‌టాప్‌ను వైఫైకి కలిపిన తరువాత దాని బ్రౌజరులో పైన చిరునామా రాసేచోట 192.168.1.1 అని కొట్టండి. కొన్నింటికి చివరి అంకెలు వేరుగా ఉంటాయి. రౌటరును తిరగేస్తే వెనుక అంటించిన చీటీపై సరైన అంకెలు, అడ్మిన్ పేరు, మొదటి పాస్‌వర్డ్ ముద్రించి ఉంటాయి. తెరుచుకునే పేజీ బయటి ప్రపంచానిది కాదు, మన గోడమీది పెట్టె లోపలిది. అక్కడ ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. తరువాత వైఫై విభాగంలోకి వెళ్ళి పేరునూ పాస్‌వర్డ్‌నూ మార్చాలి. పేరులో ఇంటి నంబరు, కుటుంబం పేరు పెట్టకపోవడం మంచిది. వీధిలో పోయేవారందరి ఫోన్లలో అది కనిపిస్తుంది. భద్రత అన్నచోట డబ్ల్యూపీఏ3 ఉంటే దానిని, లేకపోతే డబ్ల్యూపీఏ2ను ఎంచుకోవాలి. డబ్ల్యూఈపీ అన్న పాత పద్ధతి 2001 నాటికే ఛేదింపబడింది. దానిని ఎంచుకోవడం తలుపుకు దారం కట్టడం వంటిది. 'డబ్ల్యూపీఎస్' అనే సౌకర్యం ఉంటే ఆపివేయండి.

పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? ఇంటి పెద్దకూ గుర్తుండాలి, పక్కింటి పిల్లవాడికి అందకూడదు. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాస్తే సరిపోతుంది. గోంగూర, తెడ్డు, మేఘం, గొళ్ళెం - ఇలాంటివి. (ఇవే వాడవద్దు, ఈ పత్రిక చాలామంది చదువుతారు!) పాస్‌వర్డ్ మార్చిన వెంటనే ఇంట్లోని ఫోన్లు, టీవీ అన్నీ విడిపోతాయి. ఒక్కొక్కదానిని తిరిగి కలపాలి. ఈ విసుగుకు భయపడే చాలామంది మార్చరు. ఇది ఒక్క సాయంత్రపు విసుగు. పైగా దానివల్ల ఒక లాభం ఉంది: మన వైఫైని ఎవరెవరు వాడుతున్నారో ఆ సాయంత్రమే తెలిసిపోతుంది. అదే పేజీలో 'కనెక్టెడ్ డివైసెస్' అన్నచోట జాబితా కూడా ఉంటుంది. ఇంట్లో ఉన్నవి నాలుగు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్ అయితే జాబితాలో ఆరు ఉండాలి. పదకొండు ఉంటే మిగిలిన ఐదూ ఎవరివో అడగవలసిందే.

మిగిలిన ఐదూ సాధారణంగా పొరుగువారివే. ఇక్కడ మన ఇళ్ళలో నిజమైన ఇబ్బంది మొదలవుతుంది. గోడకు గోడ ఆనుకొని ఉండే వాడల్లో పక్కింటి ఆడపడుచు వచ్చి, "పిల్లవాడి ఆన్‌లైను పరీక్ష ఉంది ఆపా, పాస్‌వర్డ్ చెప్పవూ" అంటే లేదనడానికి నోరు రాదు. రాకూడదు కూడా. పొరుగువాని హక్కు గురించి మనకు వేరే బోధించనక్కరలేదు. అయితే వీధి తలుపు తాళంచెవి ఇచ్చాక అది ఆ ఒక్క ఇంటితో ఆగదు. పిల్లవాడి నుంచి అతని స్నేహితులకు, వారి నుంచి వీధికంతటికీ పాకుతుంది. దీనికి రౌటరులోనే పరిష్కారం ఉంది. 'గెస్ట్ నెట్‌వర్క్' అని ఒక విభాగం ఉంటుంది. అది ఇంటికి ముందున్న వసారా వంటిది. వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టవచ్చు; అతిథులు అంతర్జాలం వాడుకోగలరు, మన ల్యాప్‌టాప్‌ను మాత్రం చూడలేరు. పరీక్ష అయ్యాక, పండుగ బంధువులు వెళ్ళాక ఆపివేయవచ్చు. అయితే ఒక్కమాట. వసారాలో కూర్చున్నవారు చేసిన పనికీ లోకానికి కనిపించేది మన చిరునామాయే. కాబట్టి నమ్మకం ఉన్నవారికే, అవసరం ఉన్నంత కాలమే. కనెక్షను ఇచ్చిన సంస్థ ఒప్పందంలో ఇతర ఇళ్ళకు పంచరాదన్న షరతు ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఆ మాటకు మనం సంతకం చేశామన్న సంగతి మరువరాదు. ఇద్దరు కలిసి ఒక కనెక్షను తీసుకొని బిల్లు సగం సగం పంచుకోవడం ఈ పట్టణంలో అతి సాధారణం. ఆ ఆదాకు ఆశపడి, ఎదుటి ఇంటి పిల్లల ప్రతి చర్యకూ బాధ్యత నెత్తిన వేసుకోవడం సమంజసం కాదని నా అభిప్రాయం.

రెండోవైపు నుంచి కూడా చూడాలి. తాళం లేని పక్కింటి వైఫై ఫోనులో కనిపించిందని వాడుకునేవారు మనలో లేకపోలేదు. "గాలిలో వచ్చేదే కదా" అంటారు. ఇతరుల ఇళ్ళలో ప్రవేశించడానికి అనుమతి కోరాలన్న నియమం సూరె నూర్‌లో ఉంది. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన అనుమతి లభించినట్లు కాదని మన పిల్లలకు చిన్ననాడే నేర్పుతాం. పొరుగువాడు డబ్బు కట్టి తెచ్చుకున్న డేటాకూ అదే వర్తిస్తుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతి. కొత్త యంత్రాన్ని దుకాణంలోనే తెరిపించి, "అన్నీ వేసి ఇవ్వండి" అనడం మన అలవాటు. అక్కడే అతి ముఖ్యమైన తాళంచెవి చేయి జారిపోతుంది. విండోస్ 11 యంత్రం మొదటిసారి తెరుచుకున్నప్పుడు ఒక మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. రద్దీలో ఉన్న దుకాణం కుర్రవాడు తన ఈమెయిలుతోనో, అప్పటికప్పుడు సృష్టించిన ఏదో పేరుతోనో దానిని ముగిస్తాడు. నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావరకు లోపలి సమాచారాన్నంతా సంకేతలిపిలోకి మార్చి భద్రపరుస్తాయి. ఎప్పుడైనా యంత్రానికి అనుమానం వస్తే - మరమ్మతు తరువాతనో, ఏదైనా అప్‌డేట్ తరువాతనో - 48 అంకెల తాళంచెవి చెబితే తప్ప తెరవనని నీలితెర చూపిస్తుంది. ఆ 48 అంకెలు ఉండేది మొదట ఇచ్చిన ఆ ఖాతాలోనే. ఆ ఖాతా దుకాణంవాడిదైతే, రెండేళ్ళ తరువాత అతడు అక్కడ పనిచేస్తుంటాడా? ప్రాజెక్టు రిపోర్టు సమర్పించవలసిన ముందురోజు అమ్మాయి ఆ తెర ముందు కూర్చొని ఏడవడం తప్ప చేయగలిగింది ఉండదు. సమాచారం పోతే పోయిందే.

కనుక పెట్టెను మూసి ఉండగానే ఇంటికి తెచ్చుకోండి. యంత్రం బాగుందో లేదో దుకాణంలో చూసుకోవాలనుకుంటే తెర వెలిగేంతవరకు చూసి, ఖాతా అడిగినచోట ఆపించండి. ఇంటికి వచ్చి, చదువుకునే బిడ్డ పేరుతోనే ఖాతా తెరవండి. తరువాత ఆ ఖాతాలోకి వెళ్ళి 48 అంకెలను కాగితంపై రాసుకోండి. వైఫైకి కలిపినప్పుడు నెట్‌వర్కు పబ్లిక్‌దా ప్రైవేట్‌దా అని అడిగితే, ప్రింటరు వంటివి కలపవలసిన అవసరం లేనివారు 'పబ్లిక్' అని ఎంచుకోవడమే క్షేమం. ఆ మాటకు అర్థం అందరికీ తెరిచిపెట్టడం కాదు, ఇతర యంత్రాలకు కనిపించకుండా దాచడం. ఆ రాత్రి యంత్రాన్ని చార్జింగులో పెట్టి అప్‌డేట్లు పూర్తిగా దిగనివ్వండి. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేవారు ఒక విషయం గమనించాలి: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రం ఎంత చౌకగా వచ్చినా, బ్యాంకు పనులకు వాడే ఇంట్లోకి తేవద్దు.

వేగం గురించి కూడా కొంత గందరగోళం ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నవారు సెకనుకు 100 మెగాబైట్ల పుస్తకం దిగుతుందని ఆశిస్తారు. ప్రకటనలోనిది బిట్లలో లెక్క; ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి సెకనుకు దిగేది మహా అయితే పన్నెండున్నర మెగాబైట్లు. ఆపరేటరుతో గొడవపడే ముందు ఈ భాగాహారం చేయండి. ఆ తరువాత ల్యాప్‌టాప్‌ను రౌటరు పక్కన పెట్టి వేగం చూడండి. అక్కడ బాగుండి వెనుకగదిలో బాగాలేకపోతే దోషం మన గోడలది, ఆపరేటరుది కాదు.

పిల్లల విషయం చాలామంది తల్లుల మనసులో మెదిలే ప్రశ్న. చెడు దృశ్యాలు ఇంట్లోకి రాకుండా ఆపగలమా? కొంతవరకు ఆపగలం. రౌటరు పేజీలో 'డీఎన్ఎస్' అన్నచోట 1.1.1.3, దాని పక్కన 1.0.0.3 అని రాస్తే, అశ్లీల సైట్ల పేర్లు అడిగినప్పుడు దారి చూపకుండా నిరాకరించే ఉచిత సేవ పనిచేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ 2020 నుంచి దీనిని నడుపుతోంది. కొందరు ఆపరేటర్లు ఆ గడిని మార్చే వీలు లేకుండా మూసివేస్తారు. వారిని అడిగి తెరిపించుకోవాలి, లేదా ల్యాప్‌టాప్‌లోనే ఆ అంకెలు ఇవ్వాలి. అయితే ఇది జల్లెడ మాత్రమే, కోటగోడ కాదు. యూట్యూబ్ లోపల ఏమి చూస్తున్నారో దానికి తెలియదు. ఫోనులో మొబైల్ డేటా వేసుకుంటే దానికి సంబంధమే లేదు. తెలివైన కుర్రవాడు వీపీఎన్‌తో దానిని దాటిపోగలడు. ఇది పనికొచ్చేది ముఖ్యంగా చిన్నపిల్లలు వెతకకుండానే తగిలే చెత్త నుంచి కాపాడటానికి.

జల్లెడ పెట్టిన సంగతి పిల్లలకు చెప్పే పెట్టాలి. పెద్దపిల్లల ల్యాప్‌టాప్‌లలో రహస్యంగా నిఘా సాఫ్ట్‌వేరు వేయించే తల్లిదండ్రులు ఉన్నారు. దుకాణాలవారు దానిని ఒక సేవగా అమ్ముతున్నారు కూడా. ఇది నాకు సమ్మతం కాదు. ఇతరుల గుట్టు వెదకరాదని సూరె హుజురాత్ విశ్వాసులను వారించింది. మన బిడ్డలు ఆ మాట చదువుతూ పెరుగుతున్నారు. రహస్య నిఘా బయటపడిన రోజున వారు మన నుంచి నేర్చుకునేది ఏమిటో ఊహించుకోవచ్చు. అంతకన్నా, చదువుకునే బల్లను అందరూ తిరిగే గదిలో వేయడం, రాత్రి పదకొండుకు వైఫై ఆగేలా రౌటరులో వేళ నిర్ణయించడం, ఆ నియమానికి అబ్బాజాన్ ఫోను కూడా లోబడి ఉండటం - ఇవి బహిరంగంగా చేయగలిగినవి. చివరిదే కష్టం.

మరొక అన్యాయం కూడా చెప్పాలి. ఒకే ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో దాని పాస్‌వర్డ్ అన్నకే తెలుస్తుంది. చెల్లెలు అడిగి తెరిపించుకోవాలి. 2020లో బడులు మూతపడి, ఇంటికొక్క ఫోనుతో పాఠాలు విన్న కాలంలో ఇది ఎన్ని ఇళ్ళలో జరిగిందో మనం చూశాం. విండోస్‌లో ఒకే యంత్రంలో ఇద్దరికి వేర్వేరు ఖాతాలు పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఎవరి పుస్తకాలు వారికి, ఎవరి తాళం వారికి.

ఈ తాళంచెవులన్నిటినీ ఎక్కడ దాచాలి? ఫోనులో ఫొటో తీసుకుంటే చాలదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పరిసర వాడలను ముంచినప్పుడు కింది అంతస్తులలో ఉన్న టీవీలు, కంప్యూటర్లు, సర్టిఫికెట్లు ఒకే నీటిలో నానాయి. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేనిచోట రౌటరు ఒట్టి డబ్బా. ఆ అనుభవం ఉన్న ఊరివాళ్ళం మనం. వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్, ల్యాప్‌టాప్ ఖాతా, ఆ 48 అంకెలు, ఆపరేటరు ఫోను నంబరు, కనెక్షను నంబరు - వీటిని ఒక కాగితంపై పెన్నుతో రాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంటి దస్తావేజులు, మార్కుల జాబితాలు ఉండే పెట్టెలో పైఅరలో ఉంచండి. నీట తడిసిన రౌటరునుగానీ, ల్యాప్‌టాప్‌నుగానీ ఆరిందనుకొని స్విచ్చి వేయవద్దు. ముందు మరమ్మతువాడికి చూపించండి. మామూలు కరెంటు కోతలకైతే రౌటరుకు సరిపడే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. ఇన్వర్టరు లేని ఇళ్ళలో ఆన్‌లైను పరీక్షల వేళ అది ఆదుకుంటుంది. కొనేముందు అడాప్టరు మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి, అదే అడగాలి.

ఆ కాగితంలో రాయవలసిన చివరి సంగతి కనెక్షను ఎవరి పేరున ఉందన్నది. డెల్టాలో ఎన్నో ఇళ్ళలో అది కువైట్‌లోనో, దుబాయిలోనో పనిచేస్తున్న అన్నగారి పేరున, ఆయన పాత ఇండియా నంబరుతో ఉంటుంది. ఆయన వచ్చినప్పుడు పెట్టించి వెళ్ళారు. ప్లాను మార్చాలన్నా, ఇల్లు మారినప్పుడు కనెక్షను మార్పించాలన్నా ఓటీపీ ఆ నంబరుకు వెళుతుంది. ఆయన డ్యూటీలో ఉంటారు. ఆ సిమ్ ఏ పెట్టెలో ఉందో ఆయనకే గుర్తుండదు. ఆపరేటరు కార్యాలయానికి ఆధార్ కార్డు తీసుకొని వెళ్ళి, ఇంట్లో నివసించే వ్యక్తి పేరు మీదికి, ఇంట్లో మోగే ఫోను నంబరు మీదికి మార్పించుకోవచ్చు. ఆ నంబరు ఇల్లాలిదైతే మరీ మంచిది. ఎర్రదీపం వెలిగిన వేళ ఆపరేటరుకు ఫోను చేసేది ఎలాగూ ఆమే.